మూడు వందల అడుగుల కింది చిరునామా

బూరుగుగూడెంలో ఐదో నంబరు బాయి అనే బొగ్గుగనిని మూసేసిన ఇరవై ఆరేళ్లకు, కంపెనీ ఏరియా ఆఫీసులో కొత్త వాటర్ కూలర్‌కు చోటు కావలసి వచ్చింది. రికార్డు రూంలో ఒక మూల ఖాళీ చేయమన్నారు. ఆ మూలనున్న తుప్పు పట్టిన రేకుపెట్టెను జరపబోతే అడుగు ఊడిపోయి, లోపలి నుంచి రెండు వందల పన్నెండు పాత ఫోటోలు నేల మీద పరుచుకున్నాయి. అన్నీ బాయి లోపల తీసినవే. నెత్తిన దీపాలు పెట్టుకున్న మనుషులు, కప్పు కింద నిలబెట్టిన కర్రలు, పట్టాల మీద బొగ్గు టబ్బులు, చుట్టూ చీకటి. కొన్నింట్లో చీకటి తప్ప ఇంకేమీ లేదు. ఒక్కదాని వెనకా ఒక్క అక్షరం లేదు.

రికార్డు రూం గుమస్తా జాడి స్వరూప వాటిని ఏరి, తుడిచి, కట్టలు కట్టింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆమె పద్ధతి గల మనిషి. వాళ్ల బాపు ఐదో నంబరులో, అది మూతబడ్డాక ఇంకో బాయిలో, కప్పుకు కర్రలు నిలబెట్టే టింబర్‌మన్‌గా పనిచేసి ఊపిరితిత్తులు పాడై దిగిపోతే, ఆయన బదులుగా వచ్చిన ఉద్యోగం ఇది. పద్దెనిమిదేళ్లలో ఆమె చేతి మీదుగా ఒక్క కాగితం తప్పుడు ఫైల్లోకి పోలేదు. అందుకే పైకి ఒక నోటు పెట్టింది: ఫోటోలు దొరికినవి, ఎక్కడ తీసినవో తెలియదు, తగు ఆదేశములు ఇవ్వగలరు.

తగు ఆదేశములు నెల తిరగక ముందే వచ్చాయి. కంపెనీకి వందేళ్లు నిండుతున్న సంవత్సరం అది. హెడ్డాఫీసువాళ్లు ఏదో ఒకటి చెయ్యాలని కాచుకుని కూచున్నారు. 'సంస్థ యొక్క భూగర్భ వారసత్వమును భూ ఉపరితలమునకు చేర్చు మహత్తర సంకల్పముతో' ఆనవాలు అనే పథకం మొదలుపెట్టారు. తొంభై రోజుల్లో ప్రతి ఫోటో ఎక్కడ తీసిందో తేల్చాలి. దానికొక ఫారం. అందులో పందొమ్మిది గళ్లు: గని పేరు, బొగ్గు పొర, లెవెల్, అక్షాంశం, రేఖాంశం, పిన్‌కోడు, సమీప బస్టాపు, వాహనములు నిలుపు సదుపాయం. ఏ గడీ ఖాళీగా ఉండరాదు.

కమిటీకి అధ్యక్షుడు డిప్యూటీ జనరల్ మేనేజర్ అంబటిపూడి చక్రపాణి. అంతకుముందు ఆయన పూలతోటలు, గెస్ట్‌హౌస్ చూసేవారు. మిగతా నలుగురు సభ్యులు సివిల్, పర్సనల్, అకౌంట్స్, పర్యావరణం విభాగాలవాళ్లు. అయిదుగురిలో ఒక్కరూ ఐదో నంబరు బాయిలోకి దిగినవాళ్లు కారు. వాళ్లు ఉద్యోగాల్లో చేరేనాటికే అది మూతబడింది. చక్రపాణి దీన్ని కమిటీకి ఉన్న బలంగా భావించారు. లోపలికి దిగినవాడికి ముందే అభిప్రాయాలుంటాయని, తమవి నిష్పాక్షికమైన కళ్లని తొలి సమావేశంలోనే సెలవిచ్చారు.

మొదటి ఫోటోకు రెండు గంటలు పట్టింది. అందులో ఒక మనిషి బొగ్గు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, నీడ ఎడమవైపు పడింది. నీడ ఎడమకు పడింది గనుక ఫోటో ఉదయం పూట తీసినదని, కాబట్టి కెమెరా దక్షిణానికి చూస్తున్నదని సివిల్ సభ్యుడు తేల్చాడు. తీర్మానాలు రాసుకుంటున్న స్వరూప, బాయి లోపల ఎండ ఉండదు సార్ అన్నది. తీర్మానాలు రాసేవారి అభిప్రాయాలు తీర్మానాల్లోకి రావని చక్రపాణి ఆమెకు మర్యాదగానే చెప్పారు.

నెల రోజుల్లో నాలుగు ఫోటోలు తేలాయి. ఇలా అయితే ఈ పనికి ఇంకో నాలుగేళ్ల పైనే పడుతుందని లెక్క కట్టుకున్న స్వరూప, దుర్గం ఓదెలు పేరు చెప్పింది.

ఓదెలు, స్వరూప వాళ్ల బాపుతో కలిసి కర్రలు నిలబెట్టిన టింబర్‌మన్. డెబ్బై ఆరేళ్లు. కుడి చెవి వినపడదు, ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. ఆయన్ని ఆమె పెద్దబాపు అని పిలుస్తుంది. తెల్లని ధోవతి కట్టుకుని వచ్చి, కుర్చీ చూపించినా కూచోకుండా, బల్ల మీది ఫోటోలను ఒక్కొక్కటే కిటికీ వెలుగులోకి పట్టుకుని చూడసాగాడు. కర్ర కట్టిన తీరు చూసి ఎవరి జట్టు కట్టిందో చెప్పాడు. కప్పు మీది రాతిచారను బట్టి ఏ లెవెలో చెప్పాడు. ఒకదానిలో గోడకు వేలాడుతున్న సద్ది డబ్బా చూసి నవ్వి, ఆ డబ్బాగల మనిషి ఏ మలుపు దగ్గర కూచుని తినేవాడో చెప్పాడు. సాయంత్రానికి నలభై ఫోటోలు తేలాయి, మర్నాటికి ఎనభై ఏడు.

పిన్‌కోడు చెప్పలేకపోవడం ఒక్కటే ఆయన లోపమని కమిటీ అభిప్రాయపడింది. పాత ప్లాను మీద ఓదెలు వేలు పెట్టిన చోటును సివిల్ సభ్యుడు అక్షాంశ రేఖాంశాల్లోకి మార్చి, మిగతా గళ్లు నింపుకున్నాడు.

ఎనభై ఎనిమిదో ఫోటో దగ్గర ఓదెలు చాలాసేపు ఆగిపోయాడు. ముగ్గురు మనుషులు, వాళ్ల వెనక, కప్పును మోయడానికి తవ్వకుండా వదిలిన సన్నటి బొగ్గు స్తంభం.

"నడుమ ఉన్నది నేనే," అన్నాడు. "గీ పక్కకు స్వరూప వాళ్ల బాపు. గా పక్కకు లింగంపెల్లి భీమయ్య. మూడో లెవెల్, పద్నాలుగో జంక్షన్. సారూ, గీ పిల్లర్ కాయితం మీద అరవై అడుగుల వెడల్పున్నది. మేం చెక్కంగ చెక్కంగ పన్నెండడుగులు మిగిలింది. నెలాఖరు బొగ్గు తక్కువైందని మా మీది ఓవర్‌మన్ చెక్కుమన్నడు. గిప్పుడు దాని మీద మీ పిల్లల బడి ఉన్నది."

స్వరూప రాస్తున్న కలం ఆపింది. ఆమె కూతురు ఆ బడిలోనే మూడో తరగతి. ఆ మాట బయటికి అంటే, స్వప్రయోజనం ఉన్నదని తనను కమిటీ పని నుంచి తప్పిస్తారని తెలిసి నోరు మూసుకుంది.

చక్రపాణి ప్లాను తెప్పించారు. అందులో స్తంభం అరవై అడుగులే ఉంది, కింద మూడు సంతకాలున్నాయి. సంతకాలున్న ప్లాను ఒకటి చెబుతుండగా, సంతకం లేని ఫోటో ఇంకొకటి చెబితే దేన్ని నమ్మాలన్నది పరిపాలనలో ఎప్పుడో తేలిపోయిన విషయమని ఆయన వివరించారు. అయినా అవకాశం ఇవ్వాలి గనుక, ఈ మాటకు ఇద్దరు సాక్షులున్నారా అని అడిగారు.

"ఇద్దరున్నరు సారూ," అన్నాడు ఓదెలు, ఫోటో ముందుకు జరుపుతూ.

ఆ ఇద్దరూ చనిపోయారని తెలిశాక, సాక్షులు స్వయముగా హాజరు కావలెనని నియమం ఉన్నట్టు పర్సనల్ సభ్యుడు గుర్తు చేశాడు. అప్పుడే ఇంకో సంగతీ బయటపడింది: పాత ఫోటోలను గుర్తించుటలో ఓదెలుకు ఏ విధమైన శిక్షణా ధ్రువపత్రమూ లేదు. ధ్రువపత్రం లేని మనిషి సేవలను ఇకపై తీసుకోరాదని తీర్మానించారు. ఆయన ఇదివరకు చెప్పిన ఎనభై ఏడు మాత్రం పిన్‌కోడులు వేసేశారు గనుక అట్లాగే ఉంచారు. ఎనభై ఎనిమిదో ఫోటోను బడికి రెండు కిలోమీటర్ల అవతల, బూడిద పోసే బంజరు కింద తీసినట్టుగా ఏకగ్రీవంగా నిర్ణయించారు. అక్కడ ఎవరికీ ఇబ్బంది లేదు.

మర్నాడు స్వరూప బడికి వెళ్లింది. హెడ్మిస్ట్రెస్ రెబెకా టీచరు ఆమెను మూడో తరగతి గదికి తీసుకుపోయి, గోడకు వేలాడుతున్న భారతదేశం పటాన్ని పైకెత్తి చూపించింది. పటం వెనక కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా పగులు. సివిల్ విభాగానికి నాలుగు ఉత్తరాలు రాసిందట. ఒకదానికి జవాబొచ్చింది: సదరు పటము పాత ముద్రణ, కొత్త రాష్ట్రములు లేవు, వెంటనే మార్చవలెను.

స్వరూప ఇంకో నోటు పెట్టింది. ఒకసారి స్థలము నిర్ధారించబడిన ఫోటో రెండవ స్థలమున ఉండజాలదు అని రాసి వెనక్కి పంపారు.

ఈలోగా కమిటీకి పెద్ద చిక్కు వచ్చిపడింది. ప్రతి పాత ఫోటో పక్కన అదే చోటు ఇప్పుడెలా ఉందో చూపే కొత్త ఫోటో జతచేయాలని హెడ్డాఫీసు కోరింది. బాయి నోటికి కాంక్రీటు బిగించి ఉంది, లోపల నిండా నీళ్లు. చక్రపాణి ఒక రాత్రంతా ఆలోచించి దారి కనిపెట్టారు. అక్షాంశం, రేఖాంశం పైనా కిందా ఒకటే కదా. ఆ అంకెల ప్రకారం నేల మీద ఏ చోటు వస్తే ఆ చోటునే ఫోటో తీస్తే సరిపోతుంది. లోతు గురించి ఫారంలో గడి లేదు.

ఫోటోగ్రాఫరు ఊరంతా తిరిగాడు. అప్పుడు: పన్నెండు మంది కార్మికులు టబ్బు తోయుట. ఇప్పుడు: ఒక గేదె. అప్పుడు: రెండో లెవెల్‌లో పంపు బిగించుట. ఇప్పుడు: మంగలి పోశెట్టి దుకాణం, కుర్చీలో సగం గడ్డంతో ఒక మనిషి. హెడ్డాఫీసు ఎంతో ముచ్చటపడి రెండో ఆదేశం పంపింది. నిర్ధారించబడిన ప్రతి చోటునూ వారసత్వ బిందువుగా ప్రకటించి, దిమ్మె కట్టి, దాని చుట్టూ పదిహేను మీటర్ల వలయాన్ని కాపాడాలి. వలయంలో వండరాదు, నిద్రించరాదు, పరుగెత్తరాదు, అనుమతి లేకుండా పది నిమిషాలకు మించి నిలువరాదు.

పది రోజుల్లో బూరుగుగూడెమంతా దిమ్మెలు లేచాయి. 'దీనికి మూడు వందల అడుగుల కింద ఒక చారిత్రక ఛాయాచిత్రం తీయబడినది' అని ప్రతిదాని మీదా చెక్కారు. పోశెట్టి పది నిమిషాల్లో గడ్డం చెయ్యడం నేర్చుకున్నాడు. అతని గిరాకీలు చెవులకు దూది పెట్టుకుని తిరిగారు. కార్మికుల క్వార్టర్లలో ఒక వంటగది పొయ్యి మీదే బిందువు పడింది. ఆ ఇంటావిడ రోజూ పొద్దున అన్నానికొకటి, కూరకొకటి దరఖాస్తు పెట్టుకునేది. ఒక బిందువు చక్రపాణి బంగళాలో భోజనాల బల్ల కింద పడింది. ఆయన ఫైలు ఇంటికి తెప్పించుకుని రేఖాంశంలో ఒక అంకె సవరించారు. బిందువు గోడ దాటి పక్క వీధిలో చెప్పులు కుట్టేవాడి గొడుగు కిందికి పోయింది.

ఆ సవరణను శుభ్రంగా ప్రతి రాసింది స్వరూపే. రాస్తూ రాస్తూ ఆమెకు ఒక సంగతి అర్థమైంది. బిందువులు నడుస్తాయి.

ఓదెలు చూడని ఫోటోలను కమిటీ తనకు తోచిన చోట్లలో సర్దుకుంటూ పోగా, గడువుకు రెండు రోజులుండగా పదకొండు మిగిలిపోయాయి. వాటిలో చీకటి తప్ప ఏమీ లేదు. చక్రపాణి ఆమెను పిలిచారు.

"చూడమ్మా, గడులు ఖాళీగా వెళ్లడానికి వీల్లేదు. వీటిని ఎక్కడైనా ఒక మర్యాదైన చోట సర్దుబాటు చెయ్యండి. బస్టాపు దగ్గరుండాలి. వాహనాలు నిలపడానికి జాగా ఉండాలి. సాయంత్రానికి సంతకాలకు పెట్టండి."

ఆమె రికార్డు రూంలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. ఊరి ప్లాను పరిచి, కాంపస్ తీసి, బడి ఆవరణ మీద పదిహేను మీటర్ల వలయాలు గీసి చూసింది. ఆరు తరగతి గదులు, వంట షెడ్డు, మరుగుదొడ్లు, ఆటస్థలం. సరిగ్గా పదకొండు వలయాలతో అంతా కప్పబడుతుంది. గేటు ముందే బస్టాపు ఉంది. అంతా సిద్ధం చేసుకున్నాక ఆమెకు చెయ్యి ఆడలేదు. తెలిసి తెలిసి ఒక తప్పుడు అంకె వెయ్యడం జన్మలో ఇదే మొదలు. బాపు పేరు మీద వచ్చిన కుర్చీలో కూచుని ఈ పని చెయ్యాలా అనిపించింది. ఫోటోలు సంచిలో వేసుకుని ఓదెలు ఇంటికి నడిచింది.

ఓదెలు ముంగిట్లో మంచమ్మీద కూచుని ఉన్నాడు. ఆమె ఎడమ చెవి దగ్గర వంగి, తను చెయ్యబోయేది మొత్తం చెప్పింది. అబద్ధం రాస్తున్నానని చెప్పింది. ఆయన పదకొండు ఫోటోలూ తిప్పి తిప్పి చూశాడు.

"అబద్ధం ఎట్లయితది బిడ్డా," అన్నాడు. "గీ ఫోటోలల్ల ఉన్నది చీకటే గద. గాడ బడి కింద గూడ చీకటే ఉన్నది. గా పిల్లర్ నీళ్లల్ల ఎట్ల నిలవడ్డదో, ఎన్ని దినాలు నిలవడ్తదో ఎవలకెరుక. రాయి."

ఆమె రాసింది. సాయంత్రం కమిటీ నాలుగు నిమిషాల్లో ఆమోదించింది. అయిదుగురూ పదకొండు ఫారాల మీద సంతకాలు చేసి, గడువుకు ముందే పని పూర్తయినందుకు ఒకరికొకరు చేతులు కలుపుకుని జీడిపప్పు తిన్నారు.

వారం తర్వాత దిమ్మెలు కట్టేవాళ్లు బడికి వచ్చారు. వాళ్లతోపాటే నియమమూ వచ్చింది. పిల్లలు వలయంలో పది నిమిషాలకు మించి నిలువరాదు, పరుగెత్తరాదు, మధ్యాహ్న భోజనం వండరాదు. రెబెకా టీచరు నూట నలభై మంది పిల్లల పేర్లతో, రోజుకు ముప్పై ఆరు సార్లు అనుమతి కోరుతూ దరఖాస్తులు పెట్టింది. మూడు రోజుల్లో కమిటీ గదిలో నడవడానికి దారి లేకుండా పోయింది. బడిని వేరేచోటికి తరలించడం కంటే మార్గం లేదని చక్రపాణే తేల్చారు. దగ్గర్లో బిందువు లేని కంపెనీ భవనం ఒక్కటే ఉంది. ఆఫీసర్ల క్లబ్బు.

క్లబ్బు సభ్యులు చాలా బాధపడ్డారు. బిందువులను కాస్త జరపమని హెడ్డాఫీసుకు రాశారు. సంతకాలైన బిందువును జరపాలంటే కమిటీ సభ్యులు స్వయముగా గనిలోనికి దిగి, అసలు స్థలమును పునఃపరిశీలించవలెనని జవాబొచ్చింది. కమిటీ ఆ రోజే బడి సామాన్లకు లారీ పంపింది.

స్వరూప సెలవు పెట్టి సామాన్లు మోసింది. ఆఖరున రెబెకా టీచరూ ఆమే కలిసి మూడో తరగతి గదిలో పటం దించారు. పగులులోకి చెయ్యి పట్టింది. స్వరూప చెయ్యి పెట్టి చూసి, చల్లగా గాలి తగిలేసరికి వెనక్కి తీసుకుంది. ఇద్దరూ బయటికి వచ్చి, గేటుకు తాళం వేశారు. మర్నాటి నుంచి రెండో తరగతి బిలియర్డ్స్ బల్ల చుట్టూ ఎక్కాలు చదివింది.

ఇరవై రెండో రోజు, మంగళవారం, పొద్దున పదీ నలభైకి నేల దిగిపోయింది.

పేలుడు లాంటిదేమీ వినపడలేదు. బరువైనదేదో నేల కింద పక్కకు ఒత్తిగిల్లినట్టు ఒక మూలుగు, వీధిలో సైకిళ్లు వాటంతట అవే పడిపోయాయి, ఆ తర్వాత దుమ్ము. స్వరూప ఆఫీసు నుంచి చెప్పులు లేకుండా పరిగెత్తింది. పరిగెత్తింది క్లబ్బు వైపు. పిల్లలంతా కిటికీల దగ్గర గుమిగూడి ఉన్నారు. రెబెకా టీచరు రిజిస్టరు పట్టుకుని పేర్లు పిలుస్తోంది, నూట నలభై మందీ పలికారు. పలికినా నమ్మకం చాలక ఆమె మళ్లీ మొదటి నుంచి పిలవడం మొదలుపెట్టింది. స్వరూప కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

బడి కప్పు నేలమట్టానికి ఉంది. దాని చుట్టూ ఎర్రటి గుంట, అడుగున నెమ్మదిగా పైకి వస్తున్న నల్లటి నీళ్లు. కాపలాదారు కూడా లోపల లేడు. పది నిమిషాల నియమం అతనికీ వర్తిస్తుంది గనుక గేటు అవతల టీ తాగుతున్నాడు.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. వారసత్వ పరిరక్షణ వల్ల నూట నలభై ప్రాణాలు నిలిచినట్టు గుర్తించి, తన దూరదృష్టిని తానే అభినందించుకుంది. ఎనభై ఎనిమిదో ఫోటో విషయంలో, 'సదరు స్థలము స్వయముగా హాజరైనందున' బూడిద బంజరు నుంచి బడి ఆవరణకు మార్చడమైనదని తీర్మానించింది. పదకొండు దిమ్మెలు పోయినందుకు సంజాయిషీ కోరుతూ స్వరూపకు ఒక మెమో, అరవై అడుగుల స్తంభమును అనుమతి లేకుండా పన్నెండు అడుగులకు చెక్కినందుకు ఓదెలుకు ఒక మెమో ఇచ్చారు.

స్వరూప తన మెమోకు రెండు వాక్యాల్లో జవాబు రాసుకుంది: దిమ్మెలు వారసత్వ బిందువులకు ఇప్పుడు ఇంకా దగ్గరగా ఉన్నవి. దయతో గమనించగలరు. దాని మీద ఎవరూ మళ్లీ అడగలేదు. ఓదెలుకు వచ్చిన మెమోను ఆయనకు చదివి వినిపించి, ఏం రాయమంటావని అడిగింది.

"చెక్కింది నిజమే అని రాయి," అన్నాడు ఆయన. "భీమయ్య వద్దన్నడు. మీ బాపు వద్దన్నడు. నేను గూడ వద్దన్న. వద్దంటనే చెక్కినం. గది గూడ రాయి."

ఆమె అలాగే రాసి, ఆయన చేత సంతకం పెట్టించింది.

ఎనభై ఎనిమిదో ఫోటోకు ఇప్పటి ఫోటో కొత్తగా కావలసి వచ్చింది. ఆ చోటును చూపగలవాడు ఓదెలు ఒక్కడే గనుక, ధ్రువపత్రం నుంచి ఒక పూట మినహాయింపు ఇచ్చి పిలిపించారు. కమిటీ వాళ్లు హెల్మెట్లు పెట్టుకుని కంచెకు ఇవతల దూరంగా నిలబడ్డారు. ఓదెలు ఒక్కడే కంచె దాకా నడిచి, నీళ్లలోకి చాలాసేపు చూశాడు. ఆయన పెదాలు కదిలాయి గానీ ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. తర్వాత మూడు వేళ్ల ఎడమచెయ్యి చాచి, గుంట అడుగున తేలిన నల్లటి అంచు వైపు చూపించాడు. ఫోటోగ్రాఫరు నొక్కాడు.

శతాబ్ది ఉత్సవాల పుస్తకం దళసరి కాగితం మీద అచ్చయి వచ్చింది. రికార్డు రూంకు ఒక ప్రతి ఇచ్చారు. స్వరూప మొదటి పేజీ నుంచి చూసుకుంటూ పోయింది. నలభై ఒకటో పేజీలో ఎనభై ఎనిమిదో ఫోటోకు అప్పుడు, ఇప్పుడు పక్కపక్కన ఉన్నాయి. కింద అక్షాంశం, రేఖాంశం ఆరేసి దశాంశ స్థానాల వరకు, పిన్‌కోడు, బస్టాపు, అన్నీ తప్పు లేకుండా ఉన్నాయి. ఆఖరు వరుస ఇలా ఉంది: ఛాయాచిత్రములలోని వ్యక్తులు గుర్తించబడలేదు.

ఆమె ఆ వరుస రెండుసార్లు చదివింది. కంపెనీ ప్రచురణల్లో చేతిరాత కూడదని నియమం ఉన్నదని ఆమెకు తెలుసు. నల్ల సిరా కలం తీసి, ఆ వరుసను కొట్టేసి, కింద ఖాళీలో ముగ్గురి పేర్లూ గుండ్రటి అక్షరాల్లో రాసింది: దుర్గం ఓదెలు, లింగంపెల్లి భీమయ్య, జాడి రాజమల్లు. ఎదురుగా టింబర్‌మన్లు, ఐదో నంబరు బాయి అని రాసింది. సిరా ఆరేదాకా పుస్తకం తెరిచే ఉంచి, ఆరాక తీసుకుపోయి బీరువాలో దాని చోట్లో పెట్టింది.